చీకటి కోరే పూల మొక్క



ఈ రోజు ఒక పూల మొక్క గురించి చెప్పుకుందాం. దాని పేరు కలాంచో. మన పెరట్లో పెరిగే రణపాలకు ఇది చుట్టం. దీని ఆకులు దళసరిగా ఉంటాయి. ఆ ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది. ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో చిన్న చిన్న పూలు గుత్తులుగా పూస్తాయి.

దీని పుట్టిల్లు ఆఫ్రికా పక్కన ఉన్న మడగాస్కర్ దీవి. 1932లో జర్మనీలో బ్లాస్‌ఫెల్డ్ అనే విత్తనాల వ్యాపారి దీన్ని అమ్మకానికి తెచ్చాడు. ఇప్పుడు మన కడియం నర్సరీల్లో కూడా దొరుకుతుంది.

ఒక ఇంటి సంగతి వినండి. ఒక కోడలు కడియం నుంచి పూలున్న కలాంచో కుండీ తెచ్చుకుంది. వీధి అరుగు మీద పెట్టింది. రెండు పూటలా చెంబుడు నీళ్లు పోసింది. నెల తిరగకుండానే మొదలు మెత్తబడింది. నల్లబడి కుళ్లిపోయింది.

"నీళ్లు పోస్తే కూడా మొక్క చచ్చిపోతుందా?" అంది అత్తగారు.

చచ్చిపోతుంది. ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కకి వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. మట్టిలో వేలు పెట్టి చూడాలి. ఒక కణుపు లోతు దాకా పొడిగా ఉంటేనే నీళ్లు పోయాలి. కుండీకి అడుగున చిల్లు ఉండాలి. చిల్లు మీద పెంకుముక్క పెట్టాలి. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. వానాకాలంలో చూరు కింద పెట్టాలి. పొద్దుటి ఎండ మంచిది. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఎండ తగలకూడదు.

కోడలు పైన మిగిలిన మంచి కొమ్మ ఒకటి కోసింది. అది 4 అంగుళాలు ఉంది. కోసిన చోట ఆరేదాకా 2 రోజులు నీడన ఉంచింది. తర్వాత కొత్త కుండీలో నాటింది. 3 వారాలకు వేళ్లు పట్టాయి. మొక్క గుబురుగా పెరిగింది.

కాని పూయలేదు. ఒక చలికాలం పోయింది. ఇంకో చలికాలం పోయింది. ఒక్క మొగ్గ లేదు.

"అది గొడ్డు మొక్క. పీకి పారెయ్యండి" అన్నారు ఇరుగుపొరుగువాళ్లు.

ఆ మాట కోడలికి ముల్లులా గుచ్చుకుంది. పెళ్లయి 4 ఏళ్లయినా ఆమెకు పిల్లలు లేరు. ఆ మాట ఆమెను కూడా అనేవారు.

ఆమె మొక్కను పీకలేదు. కడియం వెళ్లి అడిగింది. నర్సరీలో పనిచేసే పెద్దామె ఒకటే ప్రశ్న వేసింది.

"అమ్మా, రాత్రిపూట దాని మీద లైటు పడుతోందా?"

"అవునండీ. అరుగు మీద తెల్లవార్లూ లైటు వెలుగుతుంది."

"అదే కారణం. రాత్రి పొడుగైతేనే ఈ మొక్క మొగ్గ వేస్తుంది. తెల్లవార్లూ లైటు ఉంటే దానికి రాత్రే లేదు కదా!"

కార్తీకమాసం రాగానే కోడలు కుండీని పెరట్లోకి మార్చింది. అక్కడ లైటు లేదు. రోజూ సాయంత్రం 5 గంటలకు దాని మీద అట్టపెట్టె బోర్లించింది. పొద్దున 7 గంటలకు తీసింది. అంటే 14 గంటల చీకటి. పగలంతా మంచి వెలుతురు. ఇలా 6 వారాలు చేసింది. సంక్రాంతికి మొగ్గలు కనిపించాయి. శివరాత్రికి కుండీ నిండా ఎర్రటి పూలు!

అత్తగారు ఆ పూలకేసి చాలాసేపు చూసింది.

"అమ్మాయీ! మొక్కలో ఏ లోపమూ లేదు. కారణం తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాం" అంది. కాసేపాగి మళ్లీ అంది. "నువ్వొక్కదానివే కాదు. అబ్బాయిని కూడా తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు. లోపం ఎవరిలోనైనా ఉండొచ్చు. ఎవరిలోనూ ఉండకపోవచ్చు."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో గొడ్డు అనే మాట వినపడలేదు.

అమ్మలారా! ఇంకొక జాగ్రత్త. ఈ మొక్కను మేకలు, దూడలు తినకూడదు. తింటే గుండెకు ప్రమాదం. పసిపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. వాడిన పూలగుత్తుల్ని తుంచెయ్యండి. కొత్త చిగుళ్లు వస్తాయి.

మీ ఇంట్లో పూయని మొక్క ఉందా? పీకకండి. ముందు కారణం వెతకండి.