ఇద్దరు పుట్టగానే ఆపరేషనేనా?



ఈ పూట మనం చెప్పుకోబోయేది నలుగురిలో పైకి అనుకునే సంగతి కాదు. పెరట్లో బట్టలారేసుకుంటూ పక్కింటి వదినగారితో గొంతు తగ్గించి మాట్లాడుకునేది. పిల్లలు పుట్టకుండానో, కొన్నాళ్ళు ఆగి పుట్టేలాగానో చూసుకోవడానికి ఏయే పద్ధతులున్నాయి, వాటిలో ఎవరికేది అనువు అన్నది. "దీన్లో తెలీందేముందండీ, ఇద్దరు పుట్టాక ఆపరేషన్ చేయించేసుకోడమేగా!" అంటారు మీరు. మా మండపేటలో ఏ వీధిలో అడిగినా ఈ మాటే వినిపిస్తుంది. అందుకని ఈ మాట దగ్గరే మొదలుపెడదాం.

2019-21 సంవత్సరాల్లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక లెక్క వుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వున్న పెళ్ళయిన స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవారి ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. నిరోధ్, మాత్రలు, లూపు, సూదిమందు, ఇవన్నీ కలిపినా నూటికి ఇద్దరు లేరు. అదే దేశం మొత్తం మీద చూస్తే ఆడవారి ఆపరేషన్లు నూటికి 38, నిరోధ్ వాడేవారు తొమ్మిది పదిమంది, మాత్రలు వేసుకునేవారు అయిదుగురు. చీరల కొట్టుకెళ్ళి నాలుగు చీరలు విప్పించి చూడందే ఒకటి కొనం మనం. మరి జన్మంతా మన ఒంటితో ముడిపడ్డ ఈ విషయంలో, కొట్లో వున్నది ఒకటే చీర అన్నట్టు కళ్ళు మూసుకుని తెచ్చుకుంటున్నాం!

ఆపరేషన్ చెడ్డదని నేననడం లేదు. పిల్లలిక చాలనుకున్నవారికి అది నమ్మకమైన మార్గం. అయితే మన రాష్ట్రంలో చేయించుకున్నవారిలో సగం మందికి పైగా పాతికేళ్ళు నిండకముందే చేయించుకుంటున్నారు. అంటే పెళ్ళి కాగానే ఒక కాన్పు, వెనువెంటనే రెండోది, దాంతోపాటే ఆపరేషన్. మధ్యలో ఆ పిల్ల ఒంటికి విశ్రాంతి ఎక్కడుంది? ఒక కాన్పయ్యాక మళ్ళీ నెల తప్పడానికి కనీసం రెండేళ్ళు వ్యవధి వుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రెండేళ్ళూ కాపాడేవి తాత్కాలిక పద్ధతులే. వాటినే మనం వదిలేశాం.

ఇలా ఎందుకయిందో కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం. 1952లోనే ప్రభుత్వం తరఫున కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన మొట్టమొదటి దేశం మనది. 1965లో లూపు వచ్చింది. 1968లో నిరోధ్ వచ్చింది. గోడల మీద తలకిందులుగా ఎర్ర త్రికోణం, "మేమిద్దరం మాకిద్దరు" అన్న రాతలు పెద్దవాళ్ళకి గుర్తుండే వుంటాయి. ఆ రోజుల్లో మగవారి ఆపరేషన్లే ఎక్కువ. 1971లో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క నెల శిబిరంలోనే అరవై వేల పైచిలుకు మగవారు చేయించుకున్నారు. ఆ తరువాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976లో మనుషుల్ని బలవంతంగా తీసుకెళ్ళి చేశారన్న భయం దేశమంతా పాకింది. 1977 తరువాత మగవారి ఆపరేషన్ మాటెత్తడానికే నాయకులు జంకారు. ఆ బరువు కాస్తా ఆడదాని మీదకి జారింది, అక్కడే వుండిపోయింది.

మన రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలున్నవారు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదంది. 2024లో ఆ నిబంధన తీసేశారు. పిల్లలు తగ్గిపోతున్నారు, ఎక్కువమందిని కనండి అంటున్నారిప్పుడు. నిన్న వద్దన్నారు, ఇవాళ కనమంటున్నారు! ఎవరేమన్నా, నవమాసాలు మోసేది మనం. కాబట్టి ఎప్పుడు, ఎందర్ని అన్న నిర్ణయం ఆలుమగలిద్దరిదీ కావాలి. నిర్ణయం మనదవ్వాలంటే ముందు విషయం తెలియాలి కదా.

ఏ పద్ధతినైనా నాలుగు ప్రశ్నలతో తూచి చూడండి. ఎంత నమ్మకం? ఎంతకాలం పనిచేస్తుంది? మానేస్తే మళ్ళీ పిల్లలు పుడతారా? భారం ఎవరి ఒంటి మీద? ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

ముందు ఖర్చులేనివి. "రోజులు లెక్క చూసుకుంటున్నాం", "ఆయనే జాగ్రత్తగా వుంటారు" అంటూ వుంటారు చాలామంది. వీటిని నమ్ముకున్నవారిలో ఏడాదికి నూటికి పదిహేను ఇరవై మంది నెల తప్పుతారు. నెలసరి సరిగా రానివారికి లెక్క అసలే కుదరదు. ఇక "చంటిపిల్ల పాలు తాగుతోంది, ఏం ఫరవాలేదు" అన్న మాట. అది నిజం కావాలంటే మూడూ కలవాలి. బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, తల్లికి మళ్ళీ ముట్టు రాకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప పోతపాలు పట్టకూడదు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ నమ్మకం వదులుకోవాలి.

రెండోది నిరోధ్. పద్ధతిగా వాడితే నూటికి ఇద్దరికి మించి తప్పదు. కాని ఒకరోజు వాడి ఒకరోజు మానేవాళ్ళ వల్ల ఆ లెక్క పదమూడు దాకా పోతోంది. ఎయిడ్స్ వంటి రోగాల నుంచి కూడా కాపాడేది ఇదొక్కటే. మానిన నాటి నుంచే పిల్లలు పుట్టవచ్చు. ఒక్క జాగ్రత్త చెబుతాను. కొబ్బరినూనె, వాజలీను వంటివి తగిలితే ఆ రబ్బరు చివికి చిరిగిపోతుంది. ఎండ తగిలే కిటికీలోను, జేబులో పర్సులోను దాచినా పాడవుతుంది. బీరువాలో చల్లగా వుండే చోట పెట్టండి.

మూడోది మాత్రలు. సర్కారు వాళ్ళు ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ పొట్లంలో 28 మాత్రలుంటాయి. 21 అసలు మందు, చివరి ఏడూ ఇనుము మాత్రలు. రోజూ ఒకే వేళకి, దీపం పెట్టినంత నియమంగా వేసుకుంటే నూటికి ఒక్కరికి కూడా తప్పదు. మరిచిపోయేవాళ్ళలో నూటికి ఏడుగురి దాకా తప్పుతుంది. ఒకరోజు మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజుది మామూలు వేళకే వేసుకోవాలి. రక్తపోటు వున్నవారు, కళ్ళ ముందు మెరుపులు వచ్చి తలనొప్పి పట్టేవారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టినవారు, కాలేయ జబ్బు వున్నవారు, పాలిచ్చే తల్లులలో ఆరు నెలలు దాటనివారు ఇవి వేసుకోకూడదు. పక్కింటావిడకి పడ్డాయని మనకీ పడతాయనుకోవద్దు. డాక్టరమ్మని అడిగే మొదలుపెట్టండి.

ఇంకో మాత్ర వుంది, ఛాయా అని. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో మనవాళ్ళు కనిపెట్టిందే. ఇందులో హార్మోను లేదు. మొదటి మూడు నెలలూ వారానికి రెండు, ఆ తరువాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులూ వేసుకోవచ్చు. మొదట్లో నెలసరి ఆలస్యం కావచ్చు, అందుకు కంగారు పడకండి. పచ్చకామెర్లు వచ్చి తగ్గినవారు మాత్రం ముందే చెప్పాలి.

నాలుగోది అంతరా సూదిమందు. మూడు నెలలకి ఒకసారి చేస్తారు. 2017 నుంచి సర్కారు ఆస్పత్రుల్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోలేనివారికి, ఇంట్లో మాత్రలు కనబడితే గొడవయ్యేవారికి ఇది అనువు. నెలసరి తప్పడం, మధ్యమధ్య మరకలు కనబడటం మామూలే. మానేశాక మళ్ళీ కడుపు పండడానికి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. కాబట్టి తొందరలోనే ఇంకో బిడ్డ కావాలనుకునేవారు ఈ సంగతి ఆలోచించుకోవాలి.

అయిదోది కాపర్-టీ. మనం లూపు అనే అంటాం. ఒక రకం అయిదేళ్ళు, ఇంకొకటి పదేళ్ళు పనిచేస్తుంది. నమ్మకంలో ఆపరేషన్‌కి ఏమంత తీసిపోదు, నూటికి ఒక్కరికి కూడా తప్పదు. తీసేయగానే పిల్లలు పుట్టవచ్చు. కాన్పయిన 48 గంటల లోపే పెట్టించుకోవచ్చు కూడా. "అది పైకెళ్ళి గుండెలో గుచ్చుకుంటుందటండీ" అని భయపెట్టేవాళ్ళున్నారు. గర్భసంచికీ గుండెకీ దారే లేదమ్మా! ఇబ్బంది వేరే వుంది. మొదటి కొన్ని నెలలు ముట్టు ఎక్కువగా అవుతుంది, పొత్తికడుపులో నొప్పి వస్తుంది. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత వుందని ఆ సర్వే చెప్పింది. అందుకని రక్తపరీక్ష చేయించుకుని మరీ పెట్టించుకోండి. తెల్లబట్ట వాసనగా అవుతున్నా ముందు దానికి వైద్యం చేయించుకోవాలి.

ఇక ఆడవారి ఆపరేషన్. వెయ్యిమందిలో అయిదుగురికి తప్పుతుంది. గర్భసంచి తీసెయ్యరు, నెలసరి మామూలుగానే వస్తుంది. అయితే ఇది తిరిగిరాని దారి. మళ్ళీ కలిపే ఆపరేషన్ వుంది కాని, ఖర్చు ఎక్కువ, ఫలితం మీద హామీ లేదు. మాకు తెలిసిన ఒక అమ్మాయి ఇరవై రెండేళ్ళకే చేయించుకుంది. "ఒక పనయిపోతుంది" అన్నారు అత్తగారు. నాలుగేళ్ళ తరువాత పెద్ద పిల్లాడు కాలవలో జారిపడి పోయాడు. ఆ దుఃఖంలోనే పట్నాలన్నీ తిరిగారు, చేతిలో సొమ్మంతా అయిపోయింది, కడుపు మాత్రం పండలేదు. ఆ అమ్మాయికి అప్పుడు లూపు సంగతి చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

చేయించుకునేదైతే చోటు చూసి చేయించుకోండి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర శిబిరంలో కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు, పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. ఆ తరువాత 2016లో సుప్రీంకోర్టు ఈ శిబిరాల పద్ధతి మూడేళ్ళలో ఆపెయ్యాలంది. రక్తపరీక్ష చేశారా, సంతకం పెట్టే కాగితంలో ఏముందో తెలుగులో చదివి చెప్పారా అని అడగడం మన హక్కు. సర్కారు నిబంధన ప్రకారం మన సంతకం చాలు, భర్త సంతకం అక్కర్లేదు.

ఆఖరుకి మిగిలింది మగవారి ఆపరేషన్. ఇప్పుడు కత్తి గాటు లేదు, కుట్టు లేదు. తిమ్మిరి సూది ఇచ్చి పావుగంట ఇరవై నిమిషాల్లో చేసేస్తారు, అదేరోజు ఇంటికి రావచ్చు. కడుపు కోయాల్సిన మన ఆపరేషన్‌కన్నా తేలిక, అపాయం తక్కువ, నమ్మకం ఎక్కువ. చేయించుకున్నాక మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్షలో సరే అన్నాక మానాలి. "మగతనం పోతుంది, బస్తా ఎత్తలేడు" అంటారు. మగతనాన్నిచ్చే హార్మోను రక్తంలో కలుస్తుందే గాని ఆ గొట్టంలోంచి రాదు. బలానికీ దానికీ సంబంధమే లేదు. రెండు కాన్పులు మనం మోశాం కదా, ఈ ఒక్క పావుగంటా ఆయన మోయకూడదా అని అడగండి. పోట్లాటగా వద్దు, రాత్రి అన్నాలు తిన్నాక నిదానంగా అడగండి.

మరి ఎవరికేది? కొత్తగా పెళ్ళయి కొన్నాళ్ళు ఆగుదామనుకున్నవారికి నిరోధ్, మాత్రలు అనువు. మొదటి కాన్పయి చంటిబిడ్డ వున్నవారికి లూపు గాని, ఛాయా గాని, అంతరా గాని. ఇద్దరు చాలనుకున్నా వయసు ముప్ఫైలోపే వుంటే పదేళ్ళ లూపు వుందిగా, తొందరేముంది? పిల్లలు పెద్దవాళ్ళయి, ఇక అక్కర్లేదని ఇద్దరూ గట్టిగా అనుకున్నాక ఆపరేషన్, అదీ మగవారిదైతే మరీ మేలు.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కొక్కసారి పొరపాటు జరుగుతుంది. నిరోధ్ చిరిగితే 72 గంటల లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, వేసుకునే మాత్ర వుంది. అది ఎప్పుడైనా ఒకసారికే, రోజువారీకి కాదు. పద్ధతి తప్పి నెల నిలిచినా నాటుమందుల జోలికి పోకండి. 1971లో వచ్చిన చట్టం ప్రకారం అర్హత వున్న డాక్టరు చేత గర్భం తీయించుకోవచ్చు. అది నేరం కాదు, గుట్టుగా ప్రాణం మీదకి తెచ్చుకోవలసిన పనీ కాదు.

మీ పేటకి వచ్చే ఏ.ఎన్.ఎం. అమ్మాయిని, ఆశా కార్యకర్తని ఈసారి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "ఆపరేషన్ సరేనమ్మా, మిగతావేమున్నాయో చెప్పు" అనండి. కోడలికీ కూతురికీ కూడా ఈ నాలుగు ప్రశ్నలూ నేర్పండి. అత్తగారు చెప్పిందనో, వీధిలో అందరూ చేయించుకున్నారనో కాక, తన ఒంటికీ తన సంసారానికీ ఏది కావాలో తానే ఎంచుకున్న రోజున ఆ పిల్ల కాపురం కాస్త కుదుటపడుతుంది.