బింజ్ అంటే మొదట తిండి కాదు, నానబెట్టడం!

"రాత్రి సిరీస్ మొత్తం బింజ్ చేశా" అని మనం తెగ వాడేస్తుంటాం కదా. బింజ్ ఈటింగ్ అనే మాట కూడా వినే ఉంటారు. అసలు ఈ బింజ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ రోజు చూద్దాం.

ఇంగ్లండ్‌లోని కొన్ని జిల్లాల పల్లె యాసలో బింజ్ అంటే నానబెట్టడం. చెక్క పీపా ఎండితే సందులు పడతాయి, ఏం పోసినా కారిపోతుంది. నీళ్ళు పోసి నానబెడితే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. అదీ సంగతి!

1854లో ఆన్ ఎలిజబెత్ బేకర్ అనే ఆవిడ నార్తాంప్టన్‌షైర్ యాస మాటలన్నీ పోగేసి పుస్తకం వేశారు. అప్పటికే అక్కడ బింజ్ అంటే ఫుల్లుగా తాగడం కూడా. పీపాని తడిపినట్టే మనిషి తనని తాను తడుపుకోవడం అన్నమాట. తర్వాత అది తాగుడు నుంచి తిండికి పాకింది. 1959లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికా సైకియాట్రిస్ట్ ఈ రకం తిండి గురించి రాశారు. 2013లో అక్కడి సైకియాట్రిస్టుల మాన్యువల్ డీఎస్ఎం-5 దీన్ని విడిగా ఒక జబ్బుగా చేర్చింది. 2015లో కాలిన్స్ డిక్షనరీ 'బింజ్-వాచ్'ని ఆ ఏటి మాటగా ఎంచింది.

ఇప్పుడు నా సంగతి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు రాత్రి 2 గంటలకి కాల్ అయ్యాక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ ఒక్కణ్ణే లాగించేవాణ్ణి. ఆకలి ఉండేది కాదు. ఆపుదామన్నా చెయ్యి ఆగేది కాదు. రూమ్మేట్స్ లేచేలోపు డబ్బాలు చెత్తబుట్ట అడుక్కి తోసేసేవాణ్ణి. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాన్నా?" అంటే "ఏదో కొంచెం తిన్నానమ్మా" అనేవాణ్ణి. ఫోన్ పెట్టేశాక నన్ను నేనే తిండిబోతు అని తిట్టుకునేవాణ్ణి.

తర్వాత ఆ మాన్యువల్‌లోని లక్షణాలు చదివా. ఆకలి లేకపోయినా తినడం, కడుపు పట్టనంతగా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక బాధపడటం, మధ్యలో ఆపలేకపోవడం. ఇలా వారానికి ఒక్కసారైనా, మూడు నెలల పాటు జరిగితే అది జబ్బు కావచ్చు. అంతా నా కథే!

డాక్టర్ దగ్గరికెళ్ళా. నన్ను తిడతారనుకున్నా. "పగలు ఏం తింటావు?" అని అడిగారు. ఏమీ తినను! మీటింగుల్లో పడి టిఫినూ లేదు, లంచూ లేదు. మూడు పూటలా టైముకి తినడంతోనే నా ట్రీట్‌మెంట్ మొదలైంది.

పీపా కారితే ఎవరూ పీపాని తిట్టరు, సందు ఎక్కడుందో చూస్తారు. మీ రూములో ఎవరైనా రాత్రుళ్ళు దొంగచాటుగా తింటుంటే తిండిబోతు అని నవ్వకండి. "పగలు తిన్నావా?" అని ఒక్కసారి అడగండి. అది మీరే అయితే డాక్టర్ని కలవండి, సిగ్గేం లేదు.

ఇంకో మాటతో మళ్ళీ కలుద్దాం. ఉంటాను, బై!