టికెట్ పెరిగితే ముందు ఇంట్లో ఆగిపోయేది నానమ్మే

ఈరోజు ఎపిసోడ్ లాలాపేట్‌లో మా మేడ మీద నుంచి. మధ్యలో కింద రోడ్డు మీద లారీల హారన్ వినిపిస్తే అడ్జస్ట్ అవ్వండి, మాకైతే అలవాటే.

టాపిక్ థీమ్ పార్కులు. రివ్యూ కాదు. ఏ రైడ్ బాగుంది, ఏ రైడ్‌లో వాంతి అయింది అనే వీడియోలు మీ ఫోన్లో ఇప్పటికే వంద ఉంటాయి. నేను మాట్లాడేది టికెట్ రేట్లు పెరిగాక మా ఇంట్లో సెలవులు ఎలా మారాయో, దాని గురించి.

మా ఇంట్లో రెండు ఫోటోలు ఉన్నాయి. మొదటిది రామోజీ ఫిల్మ్ సిటీలో తీసింది. అప్పుడు నేను ఒకటో తరగతో రెండో తరగతో. లెక్కపెడితే పదకొండు మంది ఉన్నారు. నానమ్మ, అమ్మ, నాన్న, బాబాయ్, ఇద్దరు అత్తలు, వాళ్ల పిల్లలు, ఆఖరికి మా కింది పోర్షన్‌లో అద్దెకున్న ఆంటీ కూడా! ఆమె ఎందుకు వచ్చిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. రెండో ఫోటో పోయిన ఎండాకాలంది, వేరే పార్క్‌లో. అందులో ఐదుగురమే.

ఇల్లు అదే, మనుషులూ వాళ్లే. మరి మిగతావాళ్లు ఏమైనట్టు?

పోయిన మే నెలలో ప్లాన్ మొదలైనప్పుడు మేం ఎనిమిది మందిమి. తమ్ముడు ఫోన్లో టికెట్ల పేజీ తెరిచాడు. ఎనిమిది అని కొట్టగానే టోటల్ కింద కనబడింది. దాని కింద ట్యాక్స్. నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆయన ఆ నంబర్ చూసి ఏమీ అనలేదు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మా నాన్న కళ్లద్దాలు తుడుచుకుంటే దానర్థం ఏంటో ఇంట్లో అందరికీ తెలుసు.

రెండు నిమిషాలు కాలేదు, నానమ్మ అంది: "నేనేడికొస్తా బిడ్డా, మోకాళ్లు గుంజుతున్నయ్. మీరు పోయి రాండ్రి."

ఆ తర్వాత బాబాయ్‌కి డ్యూటీ గుర్తొచ్చింది. నానమ్మకు తోడుగా పిన్ని ఆగిపోయింది. ఎనిమిది కాస్తా ఐదు అయింది. ఎవరూ ఎవరినీ వద్దనలేదు, గొడవ కూడా లేదు. ఒక్కొక్కరూ వాళ్లంతట వాళ్లే తప్పుకున్నారు.

కానీ ఒక మాట. అదే నానమ్మ అంతకు పది రోజుల ముందు యాదగిరిగుట్టలో దర్శనం లైన్‌లో రెండు గంటలు నిలబడి వచ్చింది. అప్పుడు గుంజని మోకాళ్లు ఇప్పుడెందుకు గుంజాయి? ఆ రాత్రి పడుకునే ముందు మెల్లగా నా దగ్గరికొచ్చి అడిగింది: "లోపల కూసోనీకి నీడ ఉంటదారా?"

నాకు అప్పుడు అర్థం కాలేదు. ఉంటుంది నానమ్మా అని చెప్పి మళ్లీ ఫోన్ చూసుకున్నా. వచ్చేది కాకపోతే నీడ గురించి ఎందుకు అడుగుతుంది చెప్పండి?

ఇప్పుడు రేట్ల సంగతి. ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. టాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ 2004లో వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో వండర్‌లా 2016 ఏప్రిల్‌లో తెరిచారు. ఇప్పుడు ఫిల్మ్ సిటీకైనా వండర్‌లాకైనా పెద్దవాళ్ల టికెట్ వెయ్యి దాటింది. వీకెండ్, సెలవులు, సీజన్‌ని బట్టి ఇంకా పైకి. లైన్‌లో నిలబడకుండా ముందుకెళ్లాలంటే దానికి వేరే టికెట్.

టికెట్‌తో అయిపోతే బాగుండు. లాలాపేట్ నుంచి ఈ రెండూ ముప్పై కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటాయి. ఐదుగురు, బ్యాగులు, తడి బట్టలు, అంటే క్యాబే. వాటర్ పార్క్‌లోకి కాటన్ బట్టలతో రానివ్వరు. అమ్మకు ఆ బట్టలు లేవు కాబట్టి అక్కడే కొనాలి. ఆ డ్రెస్ మళ్లీ వేసుకున్నది లేదు, బీరువాలో కింద అరలో ఉంది. లాకర్‌కి డబ్బులు. బయటి తిండి లోపలికి తీసుకుపోనివ్వరు. అమ్మ తెల్లారి నాలుగింటికి లేచి చేసిన పులిహోర డబ్బా ఆ రోజంతా క్యాబ్ డ్రైవర్ అన్న సీటు కింద ఉంది. సాయంత్రానికి వాసన మారింది. అమ్మ ఆ పులిహోర గురించి ఇప్పటికీ మాట్లాడుతుంది, రైడ్ల గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

గేటు దగ్గర ఎత్తు కొలిచే పట్టీ ఇంకో కథ. పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. ఇంట్లో గోడకు నిలబెట్టి కొలిచినప్పుడు తమ్ముడు గీత కిందే ఉన్నాడు. అక్కడ బూట్లతో గీత దాటాడు. అమ్మ వాడి బూట్లు విప్పించి మళ్లీ నిలబెట్టింది. వాడేమో పొడుగైనందుకు మురిసిపోతూ ఇంకా సాగుతున్నాడు! పిల్లాడు పొడుగు పెరగాలని రోజూ పాలు తాగించే అమ్మ, ఆ ఒక్క నిమిషం పొట్టిగా ఉంటే బాగుండనుకుంది.

సరే, పార్కుల వైపు నుంచి కూడా చూద్దాం, ఒకవైపే మాట్లాడితే బాగోదు. పెద్ద రైడ్లు చాలావరకు విదేశాల నుంచి వస్తాయి. వాటిని రోజూ చెక్ చేయాలి, పార్టులు మార్చాలి. అక్కడ పైసలు మిగుల్చుకోమని మనమే అనం, ఎందుకంటే తలకిందులుగా వేలాడేది మనమే కదా. ఇంకోటి, జనం వచ్చేది ఎండాకాలం సెలవుల్లో, పండగల్లో, వీకెండ్లలో. జీతాలూ కరెంటూ మాత్రం ఏడాది పొడుగునా ఉంటాయి. పైగా ట్యాక్స్. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఇలాంటి పార్కుల టికెట్‌పై 28 శాతం వేశారు. 2018 జనవరిలో 18కి తగ్గించారు. తగ్గాక కూడా వెయ్యి రూపాయల టికెట్ మీద 180 రూపాయలు గవర్నమెంట్‌కే. ఎనిమిది మంది వెళ్తే ట్యాక్స్ ఒక్కటే 1,440.

కాబట్టి వాళ్లేదో దోచేస్తున్నారని నేను అనట్లేదు. నా కంప్లైంట్ టికెట్ ఎంత అనేదాని మీద కూడా కాదు, టికెట్ తీరు మీద.

ఇది కొంచెం ఓపిగ్గా వినండి. అమెరికాలో డిస్నీల్యాండ్ 1955లో మొదలైనప్పుడు పెద్దవాళ్లకు గేటు టికెట్ ఒక డాలర్, పిల్లలకు అర డాలర్. ఏ రైడ్ ఎక్కితే ఆ రైడ్‌కి విడిగా కట్టాలి. ఎక్కని వాళ్లు కట్టక్కర్లేదు. 1982లో ఆ రైడ్ల టికెట్ పుస్తకాలు పూర్తిగా తీసేశారు. గేటు దగ్గరే ఒక్కసారి కట్టేయ్, ఎన్నైనా ఎక్కు అన్నారు. మన పెద్ద పార్కులూ ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. నాకూ మీకూ ఇది సూపర్. పొద్దున వెళ్లి సాయంత్రం దాకా ఒకే రైడ్ ఆరుసార్లు ఎక్కుతాం, టికెట్ గిట్టుబాటు అయిపోతుంది. కానీ నానమ్మ? ఆమె ఒక్క రైడ్ కూడా ఎక్కదు. బెంచీ మీద కూర్చుని మన బ్యాగులు, చెప్పులు చూసుకుంటుంది. సీనియర్ సిటిజన్ అని కొంత తగ్గించినా, బెంచీ మీద కూర్చోడానికి అది చాలా పెద్ద రేటు. తల లెక్కన కట్టే టికెట్ పెరిగేకొద్దీ ఇంట్లో ముందు తగ్గే తల అదే.

దీనికి సరిగ్గా రివర్స్‌లో నడిచేది మన నుమాయిష్. 1938లో మొదలుపెట్టింది ఎవరో తెలుసా? మన పక్కనే ఉన్న ఉస్మానియా యూనివర్సిటీ గ్రాడ్యుయేట్లు. మొదట పబ్లిక్ గార్డెన్స్‌లో పెట్టేవాళ్లు, తర్వాత నాంపల్లికి మారింది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. 2025లో గేటు టికెట్ 40 నుంచి 50 అయింది. జెయింట్ వీల్ ఎక్కితే దానికి వేరే, బజ్జీ తింటే దానికి వేరే. ఏమీ చేయకుండా తిరిగి వస్తే ఆ యాభైతో సరి. అందుకే నుమాయిష్‌కి మా ఇంట్లో ఎవరికీ మోకాళ్ల నొప్పులు రావు. నానమ్మ ఆ చలికాలం గేటు దగ్గర "నలభై ఉండె కదా, పది ఎందుకు పెంచిండ్రు" అని కౌంటర్ అతనితో గొడవపడి మరీ లోపలికి నడిచింది. మూడు గంటలు తిరిగింది. ఇత్తడి గంటె ఒకటి బేరమాడి కొన్నది. రైడ్ ఎక్కుతావా అంటే "అన్ని పైసలు పెట్టి కండ్లు తిరుగుడు ఎందుకు" అంది.

మరి మా ఏరియాలో వాళ్లు సెలవుల్లో ఏం చేస్తున్నారు? నేను చూస్తున్నది చెప్తా. పార్క్ ఏటా వెళ్లేది కాస్తా రెండు మూడేళ్లకోసారి అయింది, లేదా స్కూల్ వాళ్లు టూర్ వేస్తే పిల్లలు మాత్రమే వెళ్లడం. ఇంట్లోవాళ్లంతా కలిసి వెళ్లేది గుట్టకు, దారిలో సురేంద్రపురికి. అదీ లేకపోతే ఉప్పల్ భగాయత్‌లో శిల్పారామం, జూ పార్క్. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఫ్రీ కదా, మా ఇంట్లో ఔటింగ్ ఎక్కడికో ఇప్పుడు సగం ఆ బస్సే డిసైడ్ చేస్తుంది. ఎనిమిది మందిలో నలుగురికి ఛార్జీ లేదు. ఒకప్పుడు "ఆడవాళ్లు ఎందుకులే, ఖర్చు" అనేవాళ్లు. ఇప్పుడు నాన్న, బాబాయే ఖర్చు!

చీప్‌వి కూడా చీప్‌గా ఏమీ ఆగలేదు. 2025 మార్చిలో జూ టికెట్ పెద్దవాళ్లకు వంద, పిల్లలకు యాభై చేశారు. మే నెలలో మెట్రో ఛార్జీలు పెంచారు, గరిష్ఠం 60 నుంచి 69 అయింది. అయినా లెక్క వేయండి. మేం ఎనిమిది మందిమి, అందరికీ పెద్ద టికెట్ వేసినా జూ గేటు దగ్గర 800. పార్క్‌లో అది ఒక్కరికి కూడా సరిపోదు.

అయితే జూ, పార్క్ ఒకటే అని మీకు కథలు చెప్పను. తమ్ముడిని జూకి తీసుకెళ్తే ఏనుగు ముందు నిలబడి ఫోన్లో రోలర్ కోస్టర్ రీల్స్ చూశాడు. వాడి క్లాస్‌లో వెళ్లొచ్చిన వాళ్లు చేతి బ్యాండ్ కట్ చేయకుండా వారం రోజులు స్కూల్‌కి వేసుకొస్తారట. మరి వాడికి ఏం చెప్తాం? జూన్ 12న బడి తెరిస్తే ఫీజు, పుస్తకాలు, బూట్లు అన్నీ ఒకేసారి మీద పడతాయని చెప్తే పదకొండేళ్లవాడికి ఎక్కుతుందా?

ఇదేదో లాలాపేట్ కష్టం మాత్రమే అనుకోకండి. అమెరికాలో మా అత్త కొడుకు ఉన్నాడు, మంచి జాబే. 2025 అక్టోబర్‌లో డిస్నీల్యాండ్ బాగా రద్దీ ఉండే రోజుల ఒక్కరోజు టికెట్ 224 డాలర్లు అయింది. ఆ వారమే వాడు ఫోన్ చేసి లెక్కలు చెప్పాడు. "అమ్మ వస్తే అందరం వెళ్దామనుకున్నాం రా, కానీ అమ్మేమో రైడ్లు ఎక్కదు" అన్నాడు. అత్తకు కూడా మోకాళ్ల నొప్పులు వస్తాయేమో చూడాలి.

ఇప్పుడు మన సంగతి, అంటే ఈ వీడియో చూస్తున్న మీ సంగతి. కాలేజీ ఐడీ చూపిస్తే డిస్కౌంట్, ముందు బుక్ చేస్తే డిస్కౌంట్, గ్రూప్‌గా వెళ్తే ఇంకొంచెం. ఇవన్నీ మనకు తెలుసు, మన ఫోన్లో ఉన్నాయి. కాబట్టి మనం ఫ్రెండ్స్‌తో వెళ్తూనే ఉన్నాం. నేను గ్యాంగ్‌తో రెండుసార్లు వెళ్లా. అమ్మ జీవితంలో వెళ్లింది రెండుసార్లు, అందులో ఒకటి పులిహోర పాడైన రోజు. పార్క్ మెల్లమెల్లగా ఫ్రెండ్స్ వెళ్లే చోటు అయిపోతోంది. అది తప్పని కాదు. కానీ నాలుగు తరాలవాళ్లు ఒక ఫోటోలో ఉండే చోట్లు సిటీలో ఎన్ని మిగిలాయి? ఫంక్షన్ హాల్, గుడి, హాస్పిటల్ వెయిటింగ్ హాల్. ఇంకేమైనా ఉంటే మీరు చెప్పండి.

నా కోరిక ఒకటే. రైడ్ ఎక్కనివాళ్లకు ఒక టికెట్ పెట్టండి. చేతికి వేరే రంగు బ్యాండ్ వేయండి, ఏ రైడ్ దగ్గరికి వెళ్లినా ఆపేయండి, పర్లేదు. రెండు మూడు వందలు తీసుకోండి. ఆ బెంచీ ఎలాగూ ఖాళీగానే ఉంటుంది. పైగా నానమ్మ లోపలికి వస్తే టీ తాగుతుంది, మనవరాలికి ఐస్‌క్రీమ్ కొంటుంది, మీకే లాభం.

ఈ ఏడు మళ్లీ ప్లాన్ మొదలైంది. తమ్ముడు ఇంకో నాలుగు సెంటీమీటర్లు పెరిగాడు, బూట్లు విప్పినా లాభం లేదు, వాడికి ఫుల్ టికెట్టే. మొన్న రాత్రి నానమ్మ పక్కన కూర్చుని నేనే అడిగా. "నానమ్మా, లోపల నీడ మస్తుగా ఉంటది, ఫ్యాన్లు కూడా ఉంటయ్. వస్తవా?"

మోకాలు రుద్దుకుంటూ కాసేపు ఆలోచించింది.

"టికెట్ ఎంతరా?" అంది.

ఎంతని చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. ఆమెకు ఫోన్లో రేటు చూడటం రాదు, కానీ తమ్ముడికి నోరు ఆగదు. మీ ఇంట్లో ఈ సెలవులకి ఎంతమంది వెళ్తున్నారు, ఎంతమంది ఆగిపోతున్నారు, కింద రాయండి. వచ్చే ఆదివారం కలుద్దాం, ఉంటా మరి.