పినపాక గోదావరిలో చేపల వేట

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలం గోదావరి ఒడ్డున ఉంది. బొచ్చె, రాగండి, వాలుగ, జెల్ల ఈ నది చేపలే.

చేపను బట్టి వేట మారుతుంది. ఉదాహరణకు, హిమాచల్‌లోని తీర్థన్ లోయలో ఈకలు, దారంతో పురుగులా కట్టిన గాలం నీటిమీద ఆడించి ట్రౌట్ చేపను పడతారు. ట్రౌట్‌కు చల్లటి నీళ్లు కావాలి. వేసవిలో వేడెక్కే గోదావరిలో అది బతకదు.

గోదావరి వేట వేరు. వాలుగ చిన్న చేపల్ని వేటాడి తింటుంది, అందుకే గాలానికి చేపనే ఎరగా గుచ్చుతారు. బొచ్చెది నీటి పైపొరలో తేలే సూక్ష్మజీవుల తిండి. దానికి ఎక్కువగా వలే వేస్తారు.

వరదంటే ఒడ్డు ఊళ్లకు భయమే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అయితే బొచ్చె, రాగండి గుడ్లు పెట్టేది వానాకాలపు పారే నీటిలోనే! చెరువు నిలవనీటిలో వాటంతట అవి పెట్టవు. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి ఇలాంటి చేపలచేత గుడ్లు పెట్టించాకే చెరువుల్లో చేపల పెంపకం ఊపందుకుంది.

నదికి మాత్రం తల్లి చేపే ఆధారం. శ్రోతలారా, వానాకాలంలో గుడ్లతో ఎదురీదే చేపను వదిలేయండి. సన్నకన్ను వలలు నదిలో దించకండి.