దాచుకోవద్దు, చెప్పుకోండి
(సంఘం వార్షిక సభలో ఒక సోదరి చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకురాలిని కాను. పామర్రులో ఇంటి దగ్గర బట్టలు కుట్టుకునేదాన్ని. మాట్లాడమని సంఘంవారు అడిగితే వారం రోజులు ఆలోచించాను. మగవాళ్లు కూడా కూర్చున్న సభలో రొమ్ము క్యాన్సర్ అనే మాట ఎలా పలకడమా అని. ఆ సిగ్గే నాకు నాలుగు నెలలు నష్టం చేసింది. అందుకే ఈరోజు దాన్ని పక్కన పెట్టి చెబుతున్నాను.

2017 రంజాన్ నెల. అప్పుడు నాకు 31 ఏళ్లు. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. బాబుకు పాలు మాన్పించి కొద్ది నెలలే అయింది. పాలగడ్డ అనుకున్నాను. దగ్గర్లో ఒకరికి చూపిస్తే వారూ అదే మాట అన్నారు. పండగ వెళ్లింది, బక్రీదూ వెళ్లింది. గడ్డ ఉసిరికాయంత అయింది, పైన చర్మం లోపలికి లాగినట్టు కనబడింది. అప్పుడు గాని మా ఆయనతో చెప్పలేదు. ఆయన నన్ను ఏమీ అనలేదు. తెల్లారి మొదటి బస్సుకే ఉయ్యూరు మీదుగా బెజవాడ తీసుకెళ్లారు.

అక్కడ స్కానింగు తీసి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని చుట్టుపక్కల వాళ్లు భయపెట్టారు. అది నిజం కాదు. ఆ పరీక్షతోనే అది క్యాన్సరో కాదో, అయితే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది.

ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. తరువాత మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది కీమోలు. ఆపైన కరెంటు పెట్టారు. ఆ తరువాత ఐదేళ్లు రోజుకొక టామాక్సిఫెన్ మాత్ర. 2023లో అది ఆపేశారు. ఇప్పుడు ఏడాదికొకసారి వెళ్లి చూపించుకుంటున్నాను.

జుట్టు ఊడింది. బయట ఓణీ కప్పుకుంటే తెలిసేది కాదు గాని, ఇంట్లో బాబు చూసి ఏడ్చాడు. చెయ్యి పైకి లేచేది కాదు. గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి ఎత్తే వ్యాయామం నేర్పారు. రోజూ చేసి మళ్లీ మిషను ముందు కూర్చున్నాను. లోపల మెత్త పెట్టి నా రవిక నేనే కుట్టుకున్నాను. ఇప్పుడు అడిగినవాళ్లకూ కుట్టిస్తున్నాను. ఇంకో బిడ్డ కావాలని ఉండేది. మాత్రలు వాడుతున్నంత కాలం గర్భం రాకూడదన్నారు. ఆ దిగులు ఇప్పటికీ ఉంది, లేదనను.

ఒక దావత్‌లో నాకు వేరే కంచం పెట్టారు. మా అత్తగారు తన కంచం నా ముందుకు జరిపి, "మేమిద్దరం ఇందులోనే తింటాం" అన్నారు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. కంచం వల్ల రాదు, పక్కన పడుకుంటే రాదు.

చిన్న వయసులో రాదనీ అనుకోకండి. సినీనటి హంసానందిని 2021లో తనకు ఈ జబ్బు వచ్చిందని నలుగురికీ చెప్పారు. వాళ్లమ్మగారు కూడా దీనితోనే పోయారు. ఆవిడ వైద్యం చేయించుకుని 2022లో మళ్లీ షూటింగుకు వెళ్లారు. తల్లికి, అక్కచెల్లెళ్లకు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

మనకు ఆసుపత్రులు లేవా? హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరుతో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది. మన పక్కనున్న నిమ్మకూరు బిడ్డ ఎన్.టి.రామారావు గారు, క్యాన్సర్‌తో పోయిన భార్య బసవతారకం గారి పేరు నిలబెట్టాలని తలపెట్టిన ఆసుపత్రి 2000లో ప్రారంభమైంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం మన రాష్ట్రంలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. నాకు కీమో ఖర్చు ఆ పథకం కిందే జరిగింది. బస్సు ఛార్జీలు, బయట పరీక్షలు మాత్రం మేమే పెట్టుకున్నాం.

అక్కచెల్లెళ్లారా, నెలసరి అయిన కొద్ది రోజులకు ఒకసారి చూసుకోండి. గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా నొప్పి కోసం ఎదురుచూడకండి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు, చాలావరకు కావు. పోయిన ఏడాది మా వీధి అమ్మాయి ఒకతె రాత్రిపూట వచ్చి నా చెవిలో చెప్పింది. మర్నాడే తోడు వెళ్లాను. అది మామూలు గడ్డే అని తేలింది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

సంఘం పెద్దలకు ఒక్క మనవి. బెజవాడ వెళ్లడానికి ఛార్జీలు, తోడుగా ఒక ఆడమనిషి. ఈ రెండూ ఏర్పాటు చేయండి. ఆ తోడు నేనే వస్తాను. అన్నదమ్ములకూ ఒక మాట. మీ ఆడవాళ్లు ఇలాంటిది చెబితే మందలించకండి, బస్సెక్కించండి.

సెలవు.