వంటగదిలో ఖాళీ మిగిలితే ముందు ఎవరిని అడగాలి?

ఈ ఎపిసోడ్‌లో చిన్న విషయం మాట్లాడుకుందాం. చిన్నదే కానీ రోజూ మన కళ్ళ ముందు ఉండేది. వంటగదిలో ఉన్నట్టుండి కాస్త ఖాళీ దొరికింది అనుకోండి. వాషింగ్ మెషిన్ బాల్కనీలోకి వెళ్ళింది, లేదా పాత ఫ్రిజ్ అమ్మేశారు, లేదా పైపు గ్యాస్ వచ్చి సిలిండర్ల చోటు మిగిలింది. ఇప్పుడు ఆ చోటుని ఏం చెయ్యాలి?

ఫోన్‌లో వెతికితే వంద ఐడియాలు వస్తాయి. కాఫీ కార్నర్ అంటారు, పైదాకా కప్‌బోర్డు అంటారు, గాజు సీసాల వరస అంటారు. అవన్నీ "ఇక్కడ ఏం పెట్టాలి?" అనే ప్రశ్నకే జవాబులు. నేను ముందు అడగమనేది వేరే ప్రశ్న. "ఇక్కడ పని చేసేది ఎవరు? వాళ్ళకి ఏది కష్టంగా ఉంది?"

మా ఇంటి సంగతి చెప్తాను. మాది పాత ఫ్లాట్. వంటగది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. పోయిన ఏడాది వాషింగ్ మెషిన్ బాల్కనీలోకి మార్చాక, దాదాపు 3 అడుగుల మూల ఒకటి మిగిలింది. ఇక చూడండి! నాన్న "26 కేజీల బియ్యం బస్తాలు రెండు పడతాయి" అన్నారు. తమ్ముడు ఒవెన్ కొందామన్నాడు. పిన్ని ఫోన్ చేసి మరీ కప్‌బోర్డు కొట్టించమంది. అమ్మ మాత్రం "మీ ఇష్టం, ఏదో ఒకటి పెట్టండి" అంది.

గమనించారా? రోజులో గంటలకి గంటలు అక్కడ ఉండే మనిషే ఏమీ అడగలేదు. అవసరం లేక కాదు. తనకోసం ఏదైనా పెట్టుకోవచ్చు అనే ఆలోచనే ఎప్పుడూ రానివ్వలేదు మనం.

అందుకని నేను ఒక షరతు పెట్టాను. వారం రోజులు ఆ మూలలో ఎవరూ ఏమీ పెట్టొద్దు. ఊరికే చూద్దాం.

సోమవారం అమ్మ హాల్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, బేసిన్ ఒళ్ళో పెట్టుకుని, చిక్కుడుకాయలు ఒలిచింది. అయిపోగానే కుర్చీ మళ్ళీ హాల్లో పెట్టేసింది. మర్నాడు గోంగూర కట్టలు తీసుకుని హాల్లోకి వెళ్ళి పేపర్ పరుచుకుని కూర్చుంది. మధ్యలో రెండుసార్లు లేచి, కుక్కర్ దగ్గరికి పరిగెత్తింది. చపాతీల రోజు పిండి కలపడం, ఒత్తడం, కాల్చడం అన్నీ గట్టు దగ్గర నిలబడే. ఆదివారం పొద్దున 7 గంటల నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా తను కూర్చున్నది టీ తాగడానికి ఒక్కసారే.

రాత్రిళ్ళు అమ్మ మోకాళ్ళకి నూనె రాసుకుంటుంది. వయసు అనుకున్నాం అందరం. వయసు కూడా ఉంది. కానీ ఈ నిలబడటం సంగతో?

మా అమ్మమ్మ కాలంలో వంట కిందే. పీట, కత్తిపీట, రోలు అన్నీ నేల మీదే. అది సుఖంగా ఉండేదని నేను అనను, ప్రతిదానికీ కింద నుంచి లేవాలి. తర్వాత గట్టు వచ్చింది. పొయ్యి పైకి వెళ్ళింది, మనిషీ నిలబడింది. పీట మాత్రం పైకి రాలేదు.

ఇది మన ఇళ్ళలో మాత్రమే వచ్చిన ప్రశ్న కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న ఇళ్ళ కోసం మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ ఒక వంటగది డిజైన్ చేశారు. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. ఒక్కోటి సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అంటే ఇంచుమించు మా వంటగదంతే! అంత ఇరుకులో కూడా ఆవిడ కిటికీ దగ్గర ఒక బల్ల, కూర్చుని పని చేసుకోవడానికి తిరిగే స్టూల్ ఇచ్చారు.

మేమూ చివరికి అదే చేశాం. కార్పెంటర్‌తో గోడకి మడత బల్ల ఒకటి కొట్టించాం. ఎత్తు 29 అంగుళాలు. దాని ముందు 18 అంగుళాల స్టూల్. పక్కన బియ్యం డబ్బా ఒకటి పట్టింది. రెండో బస్తా ముందే కొనడం మానేశాం, అంతే.

మీరు చేసేటప్పుడు కొన్ని చూసుకోండి. ఏదైనా కొనేముందు ఆ వస్తువు కొలతకి న్యూస్‌పేపర్ కత్తిరించి నేల మీద అతికించండి. ఫ్రిజ్ తలుపు, కప్‌బోర్డు తలుపులు తెరిచి చూడండి. నడవడానికి కనీసం 3 అడుగులు మిగలాలి. నిలబడి పని చేసే గట్టు అయితే, వంట చేసే మనిషి మోచేతికి 4 నుంచి 6 అంగుళాలు కింద ఉంటే భుజాలు లాగవు. ఒవెన్ పెట్టాలనుకుంటే దానికి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపొద్దు. సిలిండర్ ఉన్న చోటుని మాత్రం అందం కోసం పూర్తిగా మూసెయ్యకండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. లీకైతే కిందే పేరుకుంటుంది. కింద గాలి ఆడే దారి ఉండాలి.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. స్టూల్ వేసినంత మాత్రాన అమ్మ పని తగ్గలేదు. నిలబడటం తగ్గింది. పని తగ్గాలంటే ఆ స్టూల్ మీద ఇంకొకరు కూర్చోవాలి. మా ఇంట్లో అది కూడా మొదలైంది. ఇదివరకు ఎవరైనా వంటగదిలోకి వస్తే "అడ్డం, బయటికి వెళ్ళు" అనేది. ఇప్పుడు చోటు ఉంది కాబట్టి తమ్ముడు అక్కడ కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. చేతిలో ఫోన్ ఉంటుందనుకోండి, అయినా ఒలుస్తున్నాడు!

మీ ఇంట్లో వంట చేసేది అమ్మ కావచ్చు, నాన్న కావచ్చు, రూమ్‌మేట్ కావచ్చు. వాళ్ళని "నీకేం కావాలి?" అని అడగొద్దు. "ఏమీ వద్దు" అనే జవాబే వస్తుంది. ఈ మూడూ అడగండి. ఏ పని చేస్తే నొప్పి వస్తుంది? ఏ సామాను కోసం రోజూ వంగాల్సి వస్తుంది? ఏ పని కోసం వంటగది వదిలి బయటికి వెళ్తున్నావు? ఈ జవాబులు వచ్చాక టేప్ పట్టుకుని కొలవండి. అప్పుడు ఒవెనే కావాలని తేలితే ఒవెనే పెట్టండి, తప్పేం లేదు.

ఈ రోజుకి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను.