కేసు షీటు ముగిసిన తర్వాత

నేడు వైద్య, నర్సింగ్ పట్టాలు స్వీకరిస్తున్న యువతీయువకుల పాఠ్యగ్రంథాలలో చికిత్సావిధానాలు సవివరంగా ఉంటాయి గాని, చికిత్స ఫలించనప్పుడు ఆసుపత్రి తనను తాను ఎలా పరీక్షించుకోవాలో చెప్పే పుటలు తక్కువ. ఆ పరీక్షకు మన ప్రజారోగ్య వ్యవస్థలో స్థిరపడిన రూపం మాతృమరణ సమీక్ష. గర్భిణిగా ఉండగా గాని, గర్భం ముగిసిన 42 రోజులలోపు గాని, ప్రమాదాల వల్ల కాక గర్భానికో దాని చికిత్సకో సంబంధించిన కారణంతో సంభవించిన ప్రతి మరణాన్నీ గుర్తించి, దానికి దారితీసిన పరిణామాలను వరుసగా విచారించడమే దాని పని. 1952లో ఇంగ్లండు, వేల్సులలో గోప్యంగా మొదలైన ఇటువంటి విచారణను 2004లో కేరళ ప్రసూతి వైద్యులు చేపట్టగా, 2010లో కేంద్రప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది.

ఈ విచారణలోని కష్టం నిజాంపట్నం మండలంలో, సముద్రతీరానికి చేరువనున్న అడవులదీవిని తలచుకుంటే బోధపడుతుంది. అటువంటి గ్రామంలో బాలింతకు రక్తస్రావం ఆగకపోతే ఆమెను రేపల్లెకు, అక్కడి నుంచి తెనాలికి, అదీ చాలకపోతే గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రికి తరలించవలసి రావచ్చు. మరణం చివరి ఆసుపత్రిలో నమోదవుతుంది గనుక లోపమూ అక్కడిదేనని తోస్తుంది. 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు వివరించిన ‘మూడు ఆలస్యాలు’ ఈ భ్రమను తొలగిస్తాయి: ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లో నిర్ణయించడంలో ఒకటి, దారిలో ఒకటి, చేరిన తర్వాత తగిన చికిత్స అందడంలో ఒకటి. మొదటి రెండూ కేసు షీటుకు పూర్తిగా ఎక్కవు. అవి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు, మృతురాలి భర్తకు, తల్లికి తెలుసు. అందుకే ఆసుపత్రి సమీక్షతో పాటు ఇంటికి వెళ్లి అడిగి తెలుసుకునే సామాజిక సమీక్ష కూడా ఉంది. కుటుంబం చెప్పేదాన్ని సాక్ష్యంగా స్వీకరించని సమీక్ష సగం సమీక్షే.

పేర్లు బయటపెట్టరాదు, నింద మోపరాదు అన్నది దీనికి ప్రాణనియమం. దోషిని వెతికే సమావేశంలో డ్యూటీ నర్సు నోరు విప్పదు, రిఫరల్ చీటీలోని వేళలను నమ్మడానికీ వీలుండదు. ఆ రక్షణకు బదులుగా సిబ్బంది జరిగినది జరిగినట్లు చెప్పి తీరాలి.

లక్ష సజీవ జననాలకు ఆంధ్రప్రదేశ్‌లో 2014–16లో 74గా ఉన్న మాతృమరణాలు 2018–20 నాటికి 45కు తగ్గాయి. మరణాలు తగ్గేకొద్దీ చావు అంచు నుంచి బయటపడిన తల్లుల కేసులను సమీక్షించడం మరింత ఫలవంతం, ఎందుకంటే అక్కడ ఆమే స్వయంగా మాట్లాడగలదు. పట్టభద్రులు ఏ ఆసుపత్రిలో చేరినా తొలి నెలలోనే అడగవలసినవి రెండు: గత సమీక్ష నిర్ణయాలలో ఎన్ని అమలయ్యాయి, గుంటూరులో తేలిన లోపం రేపల్లెలోని వైద్యునికి, అడవులదీవిలోని ఆశా కార్యకర్తకు తిరిగి చేరిందా?